దించు, వదలొద్దు

కుడి చెయ్యి పక్కకు ఎత్తు. మోచెయ్యి వంచొద్దు. అరచెయ్యి నేల వైపు ఉండాలి. నిదానంగా.

నడుం దాటేదాకా హాయిగానే వస్తుంది. ఇంకొంచెం పైకి పోగానే భుజం అంచున, చొక్కా చేతి కుట్టు ఉండే చోట, సన్నగా సలుపు మొదలవుతుంది. చెయ్యి భుజానికి సమంగా వచ్చేసరికి ఆ సలుపు పదునెక్కుతుంది. పళ్ళు బిగపట్టి ఇంకా ఎత్తుతావు. చెవి దగ్గరికి చేరేలోపు నొప్పి దానంతటదే తగ్గిపోతుంది.

"ఎంతప్పా?" అంటాడు పీటీ సారు.

"పదికి రెండు, సార్."

"రెండయితే విల్లు పట్టు. నాలుగయితే చాయ్ తాగి ఇంటికి పో."

నువ్వు నిలబడింది గిల్లేసూగూరు ఊరి బయట, పత్తిచేను గట్టు మీద. కాళ్ళ కింద నల్లరేగడి ఇంకా రాత్రి చలిని వదల్లేదు. చెప్పులకు అంటుకుని బరువెక్కుతోంది. ఎడమపక్క కంది పూతకొచ్చింది. వెనక జమ్మిచెట్టు. దసరా నాడు ఊరంతా ఆకు తెంపుకుపోగా మిగిలిన కొమ్మలు మళ్ళీ చిగురేస్తున్నాయి. దూరంగా రాయచూరు నుంచి మంత్రాలయం పోయే రోడ్డు మీద తొలి బస్సు హారన్ వినబడుతోంది. కాలినడకన రాఘవేంద్రస్వామి దగ్గరికి పోయేవాళ్ళు నలుగురైదుగురు, జెండా పట్టుకుని తుంగభద్ర వైపు సాగిపోతున్నారు. నీ ముందు మూడు వరిగడ్డి మోపులు ఒకదాని మీద ఒకటి బిగించి కట్టి ఉన్నాయి. వాటి వెనక మనిషెత్తు మట్టిదిబ్బ.

సారు రిటైరయ్యి చాలా కాలమైంది. వయసులో ఉన్నప్పుడు వెదురు విల్లుతో పోటీలకు పోయిన మనిషి. మన దేశంలో ఆ పోటీకి ఇండియన్ రౌండ్ అని పేరు. మామూలు వెదురు విల్లు, యాభై మీటర్లు, ముప్పై మీటర్లు. ఇప్పుడు మెడలో విజిల్, చంకలో రెండు విల్లులు వేసుకుని పొద్దున్నే ఇక్కడికి వస్తాడు. నువ్వు ఇక్కడ ఉన్నది కూడా ఆయన మాట మీదే. బైకు జారినప్పుడు చెయ్యి ముందుకు చాచి నేలకు కొట్టుకున్నావు. ఎముక విరగలేదు, భుజం కండరం కొస కొంత చిరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. చెయ్యి మెడకు కట్టించుకున్నావు. ముందుకు వంగి చేతిని గంట లోలకంలా ఊపావు. వేళ్ళతో గోడ మీద పాకించావు. రబ్బరు పట్టీ లాగావు. రాయచూరులో ఫిజియో మేడమ్ "ఇక బరువు పని కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు" అన్నాకే ఈ గట్టు ఎక్కావు. ఆ మాట అనకముందే ఎక్కి ఉంటే సారు తిప్పి పంపేవాడు.

మరి మధ్యలోనే ఎందుకు నొస్తుంది?

భుజం గిన్నె లోతు తక్కువ. చేతి ఎముక గుండ్రటి తల ఆ గిన్నెలో సగం కూడా కూర్చోదు. అది జారిపోకుండా నాలుగు చిన్న కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. డాక్టర్లు రొటేటర్ కఫ్ అనేది వీటినే. వీటిలో పైనున్న కండరం కొస, భుజం పైకప్పులాంటి ఎముక కింద నుంచి పోతుంది. చెయ్యి పక్కకు ఎత్తినప్పుడు సరిగ్గా మధ్య ఎత్తులో ఆ దారి ఇరుకవుతుంది. చిరిగిన కొస అక్కడ నలుగుతుంది. నీ నొప్పి ఆ ఇరుకులో ఉంది.

సారు చేతిలోని విల్లు చూస్తావు. నీకే తడుతుంది. విల్లు పట్టి నిలబడితే చెయ్యి ఉండేది కచ్చితంగా ఆ ఎత్తులోనే.

"ఏ చేత్తో లాగుతావప్పా?"

ఇది నీకు మొదటి మలుపు. నువ్వు కుడిచేతి వాటం. అలవాటుగా అయితే ఎడమ చేత్తో విల్లు పట్టి కుడి చేత్తో నారి లాగాలి. దెబ్బ తగిలింది కుడి భుజానికే. మార్చుకుంటే? కుడి చేత్తో విల్లు పట్టి, బాగున్న ఎడమ చేత్తో లాగితే? అర్జునుడు రెండు చేతులతోనూ వేసేవాడట. వెదురు విల్లుకు కుడి ఎడమలు లేవు, ఎటువైపైనా పట్టుకోవచ్చు.

తొందరపడకు. రెండూ చేసి చూడు.

సారు జమ్మిచెట్టుకు వేలాడుతున్న రబ్బరు పట్టీ తీసి అందిస్తాడు. ముందు కుడిచెయ్యి చాచి, పట్టీ ఒక కొసను విల్లు పట్టినట్టు పట్టుకుని నిలబడు. కదలొద్దు. ఎడమచేత్తో రెండో కొస లాగు. పట్టీ బరువు చాచిన కుడిచేతి మీదుగా సూటిగా భుజం గిన్నెలోకి తోస్తుంది. భుజం తనంతట తనే చెవి వైపు లేస్తుంది. ఇరుకు ఇంకా ఇరుకవుతుంది. నొప్పి మూడు. ఇప్పుడు మార్చు. ఎడమచెయ్యి చాపు, కుడిచేత్తో లాగు. మోచెయ్యి వెనక్కి పోతుంది. ఇది నీకు తెలిసిన కదలికే. ఫిజియో దగ్గర కూర్చుని పట్టీని పొట్ట వైపు లాగింది ఇలాగే, కాకపోతే ఇప్పుడు కాస్త పైకి. నొప్పి ఒకటి. ఒకటిన్నర అను.

"కుడిచేత్తోనే లాగుతా, సార్."

"నీ భుజం చెప్పింది. నేను చెప్పలా." ఆయన తల ఊపుతాడు. "ఇంకొకరికి తిరగబడొచ్చు. ఆ దెబ్బ ఎక్కడుందో దాన్నిబట్టి."

జమ్మిచెట్టు మొదట్లో రెండు విల్లులు ఆనించి ఉన్నాయి. ఒకటి సన్నగా, పాతబడి, తేనె రంగుకు తిరిగింది. రెండోది లావు. పట్టుకునే చోట తోలు చుట్టి, రెండు కొసలా నల్లదారం మెరుస్తోంది. నీ చెయ్యి లావుదాని మీదికే పోతుంది. ఎవరి చెయ్యయినా పోతుంది.

"అది నలభై పౌన్లు. నీది అది," అని సన్నదాన్ని చూపిస్తాడు. "పదిహేను."

పౌన్లంటే విల్లు బరువు కాదు. విల్లు ఎత్తి చూస్తే కిలో కూడా ఉండదు. నారిని ఇరవై ఎనిమిది అంగుళాలు లాగితే వేళ్ళ మీద పడే బరువును పౌన్లలో చెబుతారు. పదిహేను పౌన్లంటే ఏడు కిలోలకు కాస్త తక్కువ. నలభై అంటే పద్దెనిమిది కిలోలు. అది కూడా ఒక్కసారి ఎత్తి పక్కన పెట్టేది కాదు, లాగి పట్టుకుని గురి చూసి మళ్ళీ మళ్ళీ లాగేది.

లావు విల్లు మీద ఇంకా ఆశ ఉంటే ఒక సంగతి విను. 1545లో ఇంగ్లండ్ తీరంలో మేరీ రోజ్ అనే యుద్ధనౌక మునిగింది. 1982లో పైకి తీశారు. అందులో దొరికిన విల్లులు నూరు పౌన్లు దాటినవి. వాటితోపాటు మనుషుల ఎముకలూ దొరికాయి. మామూలుగా ఇరవై అయిదేళ్ళు దాటేలోపు భుజం కొసనున్న చిన్న ఎముక ముక్క పెద్ద ఎముకతో అతుక్కుపోతుంది. ఆ ఓడలోనివాళ్ళలో మామూలు కంటే ఎక్కువమందికి అది అతుక్కోలేదు. చిన్నప్పటినుంచీ బరువైన విల్లు లాగడం వల్లే అయి ఉంటుందని ఆ ఎముకలు పరీక్షించినవాళ్ళు అన్నారు. దెబ్బ తగలని, పసితనం నుంచి సాధన చేసిన భుజాలవి. వాటిలోనే విల్లు తన గుర్తు వదిలింది.

సన్నది తీసుకో.

నారి ఎక్కించాలి. మోకాలికి ఆనించి, మెలితిప్పి వంచడం నువ్వు సినిమాల్లో చూశావు. అలా చేస్తే మెలిక అంతా భుజం మీదే పడుతుంది. సారు ఒక పొడవాటి తాడు ఇస్తాడు. దాని రెండు చివర్లా తోలు తొడుగులు. విల్లు రెండు కొసలకూ వాటిని తొడుగు. తాడును పాదం కింద తొక్కు. విల్లు నడుమ పట్టుకుని నిటారుగా లేచి నిలబడు. కాలు కిందికి, నడుం పైకి. వెదురు వంగుతుంది. నారి ఉచ్చు జారి గంటులో కూర్చుంటుంది. భుజానికి తెలియను కూడా తెలియదు.

నారిని వేలితో మీటు. సన్నగా మోగుతుంది. ఇప్పుడు నీ చేతిలో విల్లు ఉంది.

"బాణం లేకుండా లాగొచ్చు. లాగి వదలొద్దు," అంటాడు సారు. బాణం ఉంటే విల్లు బలం దాంతో పోతుంది. లేకపోతే ఆ బలం వెదురులోకే తిరిగొస్తుంది. విల్లు నిలువునా చీలొచ్చు. అందుకే ఉట్టి నారిని లాగినవాళ్ళు మళ్ళీ నిదానంగా దించాలి.

దించడం. ఈ మాట ఆయన పొద్దుటినుంచీ చాలాసార్లు అన్నాడు. నువ్వు ఇంకా పట్టించుకోలేదు.

గడ్డిమోపుకు రెండు బారల దూరంలో నిలబడు. ఇంత దగ్గరా? ఇంత దగ్గరే. తగులుతుందా తగలదా అన్న బెంగ ఉండకూడదు. గురి మీదికి మనసు పోతే భుజం సంగతి మరిచిపోతావు. మొదట్లో మనసంతా భుజం మీదే ఉండాలి.

ముంజేతికి తోలుపట్టీ కట్టుకో. బాణం గాడిని నారికి తొడుగు. చూపుడువేలు బాణం పైన, నడిమివేలు, ఉంగరంవేలు కింద. బొటనవేలికి పని లేదు. మరి ఏకలవ్యుడికి పోయింది బొటనవేలే కదా అనిపిస్తుంది. పాతకాలంలో మన ఆసియా దేశాల్లో చాలాచోట్ల నారిని బొటనవేలితో లాగేవాళ్ళు, దానికి ఉంగరం కూడా తొడుక్కునేవాళ్ళు. ఇప్పుడు మైదానాల్లో ఇలాంటి విల్లును ఎక్కువమంది లాగేది ఈ మూడు వేళ్ళతోనే.

ఎడమచెయ్యి చాపు. భుజం కిందికి దించు. ఇంకా కిందికి. మెడ పొడవైనట్టు అనిపించాలి. ఇప్పుడు లాగు.

చేత్తో లాగుతున్నావు. ముంజెయ్యి బిగుస్తోంది. కుడి భుజం ముందుకు ముడుచుకుని చెవి వైపు ఎక్కుతోంది. సలుపు.

"ఆపు. దించు."

దించుతావు.

సారు నీ వెనక్కి వస్తాడు. వెన్నెముకకు కుడివైపు, వీపు మీది పలక ఎముక అంచున రెండు వేళ్ళు పెడతాడు. "ఇక్కడినుంచి లాగు. చెయ్యి ఉత్త కొక్కెం. లాగేది వీపు."

మళ్ళీ ఎత్తు. ఈసారి చేతిని మరిచిపో. మోచేతి గురించి మాత్రమే ఆలోచించు. ఎవరో వెనకనుంచి మోచేతికి తాడు కట్టి గుంజుతున్నారనుకో. పలక ఎముక వెన్ను వైపు జరుగుతుంది. సారు వేళ్ళు నొక్కుకుపోతాయి. నారి ముక్కు దాటి, పెదవి మూలకు వచ్చి ఆగుతుంది. భుజం అంచు నిశ్శబ్దంగా ఉంది. సలుపు లేదు.

ఇదీ కిటుకు. నీ చిరిగిన కొస చిన్న కండరానిది. వీపు కండరాలు పెద్దవి. బరువు పెద్దవాటి మీదికి పోతే చిన్నది తన అసలు పని చేసుకుంటుంది. ఎముక తలను గిన్నెలో సరిగ్గా కూర్చోబెట్టడమే దాని పని. ఫిజియో దగ్గర వారాల తరబడి రబ్బరు పట్టీతో విసుగ్గా చేసినదంతా ఈ ఒక్క కదలిక కోసమేనని నీకు ఇప్పుడు ఒంటికి తెలుస్తుంది.

కళ్ళు మూసుకో. మూడు వేళ్ళనూ సడలించు.

టప్.

బాణం మెత్తగా గడ్డిలో దిగింది. ఈకలు ఆడుతున్నాయి. నీకు నవ్వొస్తుంది. రెండు బారల దూరంలో, కళ్ళు మూసుకుని, ఏనుగంత గడ్డిమోపును కొట్టి నవ్వుతున్నావు. నవ్వు, ఏం ఫర్వాలేదు. ఇన్ని నెలలుగా ఆ చెయ్యి జేబులో రుమాలు కూడా తియ్యలేకపోయింది.

ఎండ కాస్త ఎక్కాక గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో చాయ్ పంచుకుంటారు. సారు దక్షిణం వైపు చెయ్యి చూపిస్తాడు. అటు తుంగభద్ర. ఉత్తరాన రాయచూరు దాటితే కృష్ణ. ఈ రెండు నదుల నడుమ నేల కోసం రాజులు తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోట మీదికి వచ్చినప్పుడు ఆయన సైన్యంలో విలుకాళ్ళూ ఉన్నారు, పక్కనే పోర్చుగీసు తుపాకీవాళ్ళూ ఉన్నారు. కోటగోడ మీద కనబడ్డవాళ్ళను ఆ తుపాకులు దూరం నుంచే కొట్టాయి. విల్లు యుద్ధాన్ని వదిలి అడవుల్లో మిగిలింది. నల్లమలలో చెంచుల చేతిలో మిగిలింది. మన్యంలో 1922లో అల్లూరి సీతారామరాజు వెంట లేచినవాళ్ళ చేతిలో మిగిలింది. ఆ విల్లులకూ నీ పక్కనున్న ఈ విల్లుకూ పెద్ద తేడా లేదు. గురి చూడ్డానికి అద్దం లేదు, ఊగకుండా ఆపే కడ్డీ లేదు. వెదురు, నారి, మనిషి.

"టీవీలో చూపించే చక్రాల విల్లు నాకు సులువు కదా, సార్?" అడుగుతావు.

అడగాల్సిన ప్రశ్నే. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పట్టేది అదే, కాంపౌండ్ విల్లు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో దాంతోనే మూడు బంగారు పతకాలు తెచ్చింది. చివరిదాకా లాగాక ఆ చక్రాలు తిరిగి బరువులో చాలాభాగం తామే మోస్తాయి. పట్టుకుని నిలబడడం తేలిక. కానీ ఆ చివరికి చేరేముందు మధ్యలో పూర్తి బరువు దాటాలి. దాటేటప్పుడు ఒక్క కుదుపు ఉంటుంది. నీ భుజానికి పడనిది ఆ కుదుపే. అదే విజయవాడ నుంచి వచ్చిన బొమ్మదేవర ధీరజ్ పట్టేది రికర్వ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ పోటీలో నాలుగో స్థానందాకా పోయాడు. దాని బరువు లాగినకొద్దీ పెరుగుతుంది, వెదురుదీ అంతే. కుదుపు లేదు. ఎక్కడ నొప్పి మొదలైతే అక్కడ ఆగిపోవచ్చు. తేలికైన వెదురు విల్లులో నీకు ఉపయోగపడేది ఈ గుణమే.

"జమ్మూ కశ్మీరు పిల్ల శీతల్ దేవిని చూసినావా?" అంటాడు సారు. పుట్టుకతో చేతులు లేవు. కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కంచు పతకం గెలిచింది. ఆమె భుజం ఎంత పని చేస్తోందో ఒక్కసారి ఊహించుకో. నువ్వు చాయ్ గ్లాసు కింద పెట్టి లేస్తావు.

ఇప్పుడు పది మీటర్లు. కళ్ళు తెరిచే వెయ్యొచ్చు. గడ్డిమోపు మీద సారు తెల్ల కాగితం గుచ్చి వచ్చాడు. విజిల్ నోట్లో పెట్టుకుంటాడు. రెండుసార్లు ఊదితే గీత దగ్గరికి రా. ఒకసారి ఊదితే వెయ్యి. మూడుసార్లు ఊదితే పోయి బాణాలు తెచ్చుకో. ప్రపంచంలో ఏ మైదానానికి పోయినా ఇదే లెక్క.

"అయిదుసార్లు?"

"అయిదు ఊదితే ఏం చేస్తున్నా ఆపు. బాణం వదలొద్దు. అంతే."

ఒకసారి. వేస్తావు. కాగితం కింద పడింది. ఇంకొకటి. కుడిపక్క. ఇంకొకటి, కాగితం అంచు చిరిగింది. ఛాతీలో ఏదో పొంగుతుంది. గీత దగ్గర నీకు చెమట పట్టింది. చలి ఎప్పుడు పోయిందో తెలియలేదు. బాణాలు తెచ్చుకుంటావు, వేస్తావు, తెచ్చుకుంటావు. వీపు వెచ్చగా ఉంది. ఇది మంచి అలసటే. దాని వెనకాలే ఇంకో అలసట వస్తోంది. ఎడమ భుజం మెల్లగా చెవి వైపు ఎక్కుతోంది. నారి పెదవి మూలదాకా రావడంలేదు, గడ్డం దగ్గరే ఆగిపోతోంది. నీకు తెలుస్తోంది. సారుకూ తెలుస్తోంది.

"చాలిద్దామా?"

సంచిలో ఒక్క బాణం మిగిలింది. కాగితం నడుమ ఇంకా తగల్లేదు. ఇది నీకు రెండో మలుపు.

"ఇదొక్కటి, సార్."

ఆయన నీ ముఖం చూస్తాడు. విజిల్ ఒకసారి ఊదుతాడు.

గాడి తొడిగావు. చెయ్యి చాపావు. భుజం కిందికి. మోచెయ్యి వెనక్కి. వీపు బిగుస్తోంది. నారి పెదవికి తగిలింది. బాణం మొన కాగితం మీద నిలిచింది. ఊపిరి సగం వదిలావు. ఇప్పుడు. వేళ్ళు సడలబోతున్నాయి.

గడ్డిమోపు పక్కన ఏదో తెల్లగా కదిలింది.

మేకపిల్ల. మట్టిదిబ్బ మీదినుంచి దూకింది. గడ్డి కొరుకుతోంది. దాని వెనకే ఒక పిల్లోడు. కర్ర చేతిలో. పరుగు.

విజిల్. అయిదు.

వదలొద్దు.

వేళ్ళు నారిని కొరికి పట్టుకున్నాయి. మొన కిందికి. ముందున్న మట్టి మీదికి. పిల్లోడు గడ్డిమోపు ముందుకే వచ్చేశాడు. నిన్ను చూశాడు. ఆగిపోయాడు. కదలడంలేదు.

నారి లాగుతోంది. ఏడు కిలోలు. ఇందాక లేని బరువు. చెయ్యి వణుకుతోంది. భుజం అంచున సలుపు. మూడు. నాలుగు.

విల్లు దించేద్దామా? వద్దు. ముందు విల్లు చెయ్యి పడిపోతే నారి జారుతుంది.

"మోచెయ్యి వదలొద్దు." సారు గొంతు. దగ్గర్లో. నెమ్మదిగా. "వీపు పట్టుకో. చెయ్యి ముందుకు రానీ."

రానీ.

ముక్కు దాటింది.

ఊపిరి.

గడ్డం. ఛాతీ. వీపు జారిపోవాలని చూస్తోంది. పట్టుకో.

ఇంకొంచెం.

చెయ్యి చాపినంత దూరం పోయింది. నారి వదులైంది. బరువు లేదు.

బాణం గాడినుంచి తీసి మొన కిందికి పట్టుకుంటావు. మోకాళ్ళు నీళ్ళయ్యాయి.

"అన్నా, నా మేకపిల్ల!" పిల్లోడికి ఏడుపొక్కటే తక్కువ. మేకపిల్లను చంకలోకి ఎత్తుకున్నాడు. అది గడ్డి నములుతూనే ఉంది.

"ఏం కాలేదు బిడ్డా, ఇట్ల రా," అని సారు వాడిని గీత వెనక్కి పిలుస్తాడు. తిట్టడు. దిబ్బ మీదికి ఎక్కి అటువైపు చూసి వస్తాడు. దిబ్బ వెనక మంద మేస్తోంది. పొద్దున లేదు. రేపటినుంచి ఆ దిబ్బ మీద ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఉంటుంది, బాణం వేసే ప్రతిసారీ ఎవరో ఒకరు అటు చూడాల్సి ఉంటుంది. ఊళ్ళో చేను గట్టున విల్లు పట్టేవాళ్ళు ఎవరైనా దీన్ని అన్నిటికంటే ముందు పెట్టుకోవాలి. గురి ఎక్కడుందో తెలిస్తే సరిపోదు. గురి వెనక ఏముందో, పక్కనుంచి ఏం రావచ్చో తెలియాలి.

నువ్వు జమ్మిచెట్టు కింద కూలబడి ఉన్నావు. కుడి భుజం సలుపుతోంది. చెయ్యి పక్కకు ఎత్తి చూడు. మూడు. ఇందాకటి నాలుగు దిగింది. మంచిదే. నొప్పి అక్కడే ఉండిపోయి ఉంటే, లేదా చెయ్యి పైకి లేవకుండా పోయి ఉంటే ఇప్పుడే రాయచూరు బస్సు ఎక్కాలి.

సారు లావు విల్లు తెచ్చి నీ ఒళ్ళో పెడతాడు.

"దీన్ని లాగగలవా?"

చూస్తావు. ఒక్కసారయితే, పళ్ళు బిగిస్తే, లాగగలవేమో. "లాగుతానేమో, సార్."

"ఇప్పుడు చేసినట్టు దించగలవా?"

నోరు మెదపవు. ఆ పిల్లోడు ముందు నిలబడి ఉండగా, పద్దెనిమిది కిలోలు, వణికే చెయ్యి. దించలేవు. వదిలేసేవాడివి. లేదా భుజం వదిలేసేది.

లాగేటప్పుడు కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దించేటప్పుడు సాగుతూ, సాగుతూనే బరువును పట్టుకోవాలి. దెబ్బ తిన్న కండరానికి కష్టమైన పని అదే. దాన్ని గట్టిచేసే పని కూడా అదే. ఫిజియో మేడమ్ రబ్బరు పట్టీని లాగేటప్పటి కంటే వదిలేటప్పుడే "నిదానం, నిదానం" అని ఎందుకు అరిచేదో గుర్తొస్తుంది. ఎంత బరువు విల్లు కొనాలని అడిగేవాళ్ళకు అంకెలు చాలామంది చెబుతారు. సారు చెప్పే లెక్క ఒకటే. పూర్తిగా లాగు, లోపల అయిదు అంకెలు లెక్కపెట్టు, వణకకుండా దించు. దించగలిగితే ఆ విల్లు నీది. వణికితే దానికంటే తేలికది తీసుకో. బాగున్న భుజానికైనా ఈ లెక్కే. నీలాంటి భుజానికి ఇది తప్ప ఇంకో లెక్క లేదు.

తాడు తొక్కి, వెదురు వంచి, నారి విప్పు. వెదురును వంపులో వదిలేస్తే బలం చచ్చిపోతుంది. సన్న విల్లు నిటారుగా సాగి నీ చేతిలో తేలికవుతుంది.

"రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోవద్దు. సలుపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టు. పొద్దున లేచేసరికి ఈ రోజు మొదట్లో ఉన్నంతే ఉంటే రా. ఎక్కువుంటే రావొద్దు, ఒక రోజు ఆగు. రెండు రోజులకూ తగ్గకపోతే మేడమ్‌కు చూపించు." సారు బాణాలు ఒక్కొక్కటే తుడుస్తూ, ఈకలు చూస్తూ చెబుతున్నాడు. ఒకదాని ఈక లేచింది. దాన్ని వేరుగా పెడతాడు. "వచ్చినా రేపు బాణాలు సగమే. అయిదుసార్లు ఉత్తగా లాగి దించినాకే మొదటి బాణం."

"ఇంకొక్కటి అని అడగను, సార్."

"అడుగుతావు. నేను విజిల్ ఊదను."

పిల్లోడు ఇంకా పోలేదు. మేకపిల్లను దించి, దాని మెడ తాడు పిడికిట్లో చుట్టుకుని, సన్న విల్లు వైపు చూస్తున్నాడు. మెల్లగా చెయ్యి చాచి వెదురును తాకుతాడు.

"తాతా, నేనూ రావొచ్చా రేపు?"

"మేకల్ని ఎవరు చూస్తార్రా?"

"మా అక్క."

సారు మెడలోంచి విజిల్ తీసి వాడి మెడలో వేస్తాడు. "అయితే రా. వచ్చి ఆ దిబ్బ మీద నిలబడు. మనిషి కనబడితే, మేక కనబడితే, కుక్క కనబడినా సరే, అయిదుసార్లు ఊదు. గట్టిగా."

వాడు అక్కడే ఊదడం మొదలుపెడతాడు. మేకపిల్ల తాడు తెంపుకుని కందిచేలోకి పరుగు తీస్తుంది.